కవరు ఊరికే రాదు!

"సంచికి కూడా డబ్బులేనా?"

ఈ మధ్య నలుగురు ఆడవాళ్లు కలిసిన చోట ఈ మాట వినపడకుండా ఉండటం లేదు. పెళ్లి భోజనాల దగ్గర, బస్సులో, బడి వదిలే వేళ పిల్లల కోసం గేటు ముందు నిలబడ్డప్పుడు... ఎవరో ఒకరు మొదలు పెడతారు. "నాలుగు వేలు పోసి చీర కొన్నాం. దాన్ని పెట్టివ్వడానికి సంచికి పది రూపాయలు వేశాడు వదినా!" అని. వెంటనే పక్కావిడ అందుకుంటుంది. "మీకు పదే! మాకు పదిహేను..." ఇక అక్కణ్నుంచి అరగంట సేపు దుకాణాలవాళ్ల పిసినారితనం మీదే చర్చ.

మాది పాణ్యం. నంద్యాల పక్కనే. పండక్కి బట్టలన్నా, పెళ్లికి పెట్టుబడి చీరలన్నా, నెల సరుకులు కాస్త చవగ్గా వస్తాయన్నా నంద్యాల బస్సెక్కుతాం. కొత్తిమీర, కరివేపాకు, వంకాయలు, పెరుగు మాత్రం ఊళ్లోనే. కాబట్టి మాకు రెండు రకాల సంచులూ బాగా తెలుసు. డబ్బులు తీసుకుని ఇచ్చేదీ, ఊరికే ఇచ్చేదీ. మొదటిదాని మీద మనకెంత కోపమో, రెండోదాని మీద అంత ప్రేమ. కానీ ఆ కోపమూ, ఆ ప్రేమా రెండూ ఉండాల్సిన చోట లేవని నాకనిపిస్తోంది. అడగాల్సిన చోట అడగడం లేదు. ఇవ్వాల్సిన చోట ఇవ్వడం లేదు.

కౌంటరు దగ్గర మొహమాటం

పెద్ద దుకాణంలో బిల్లు కట్టేచోట కాసేపు నిలబడి చూడండి. "క్యారీబ్యాగ్ కావాలా మేడమ్?" అంటాడు కుర్రాడు. ధర చెప్పడు. "ఆఁ, ఇవ్వు బాబూ" అంటాం. ఇంటికొచ్చి బిల్లు చూసుకున్నాక గాని సంగతి తెలియదు. అక్కడే తెలిసినా ఏం చేస్తాం? వెనకాల పదిమంది వరుసలో ఉంటారు. చంకలో పిల్లాడు ఏడుస్తుంటాడు. "ఇంత సరుకు కొని పది రూపాయల దగ్గర పేచీ ఎందుకు?" అని పక్కనుంచి ఆయన గొణుగుతారు. సరేలెమ్మని కట్టేస్తాం. ఆ కోపం మూటగట్టుకుని వచ్చి ఇంటి దగ్గర విప్పుతాం.

పోనీ మన సంచి మనం తీసుకెళ్దామా అంటే, దానికీ తంటాలే. ఒక దుకాణంలో నా గుడ్డసంచి లోపలికి తీసుకెళ్లకూడదని గేటు దగ్గరే పెట్టించారు. బిల్లు కట్టాక రెండు చేతుల్లో సామాను ఒడిసి పట్టుకుని ఆ సంచి కోసం గేటుదాకా నడవాలి. ఈ అవస్థంతా ఎందుకని ఎక్కువమంది అక్కడే సంచి కొనేస్తారు. వాళ్లకు కావాల్సింది అదేనేమో!

ఇలాంటప్పుడు నోరు తెరిచి అడిగినవాళ్లు లేకపోలేదు. చండీగఢ్‌లో ఒకాయన బాటా దుకాణంలో 399 రూపాయల చెప్పుల జత కొంటే బిల్లు 402 వచ్చింది. ఆ మూడు రూపాయలు కాగితపు సంచివి. దాని మీద కంపెనీ పేరు! ఆయన వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. 2019లో ఫోరం ఆయన పక్షాన తీర్పు చెప్పింది. సంచికి డబ్బులూ తీసుకుని, కొన్నవాడి చేత కంపెనీ ప్రచారమూ చేయించుకోవడం తగదంది. పరిహారం, ఖర్చులు, జరిమానా అన్నీ కలిపి 9,000 రూపాయలు కట్టమంది. మూడు రూపాయలకు తొమ్మిది వేలు!

తర్వాత 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ అప్పటి బిగ్ బజార్ కేసులో ఇంకాస్త వివరంగా చెప్పింది. సంచికి వేరే డబ్బు తీసుకుంటామని, అది ఎలాంటి సంచో, ఎంత ధరో కొనేవాళ్లకు ముందే తెలియాలి. సరుకులన్నీ ఏరుకుని, వరుసలో నిలబడి, డబ్బు కట్టే చోటికి వచ్చాక చెప్పడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అంది. ఆ పద్ధతి మానుకోమని ఆదేశించింది.

ఈ మాట మనం గుర్తు పెట్టుకోవాలి. కమిషన్ తప్పు పట్టింది చెప్పకుండా, చివరి నిమిషంలో బిల్లులో కలిపేయడాన్ని. కాబట్టి కౌంటరు దగ్గర అడగాల్సిన ప్రశ్నలు వేరు. "సంచి ధర ఎంతని లోపలికి వచ్చే చోట ఎందుకు రాయలేదు? నా సంచి లోపలికి ఎందుకు రానివ్వలేదు? డబ్బులిచ్చి కొన్న సంచి మీద మీ పేరెందుకు?" ఇవీ ప్రశ్నలు. నెమ్మదిగానే అడగొచ్చు. జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. బిల్లు మాత్రం పారేయకండి.

ఊరికే ఇవ్వమని ఎవరన్నారు?

అడగాల్సిన చోట అడుగుదాం, సరే. అసలు "సంచి ఊరికే ఇవ్వాలి" అన్న మాట మన మనసులో ఎప్పుడు పడింది? మా అమ్మ రోజుల్లో అంగడికి ఉత్తచేతులతో పోయినవాళ్లను చూసి నవ్వేవారు. పప్పు, బెల్లం, ధనియాలు కాగితంలో పొట్లం కట్టి పురికొస చుట్టి ఇచ్చేవారు. నూనెకు గిన్నో సీసానో మనదే. బియ్యానికి గోనెసంచి, కూరగాయలకు వైరుబుట్ట. సంచి మరిచిపోతే చీరకొంగులో మూట కట్టుకుని రావడమే. పెద్ద బట్టల కొట్లలో మాత్రం పేరు వేసిన గుడ్డసంచి ఇచ్చేవారు. ఆ సంచి చిరిగేదాకా ఇంట్లో ఉండేది.

ఆ తర్వాత వచ్చింది కవరు. ఇప్పుడు మనం వాడే రెండు చెవుల ప్లాస్టిక్ కవరుకు 1965లో స్వీడన్ కంపెనీ ఒకటి పేటెంటు తీసుకుంది. దాన్ని రూపొందించిన ఇంజినీరు స్టెన్ గుస్టాఫ్ థులిన్. కాగితపు సంచుల కోసం చెట్లు నరకడం తగ్గుతుందనీ, ఒకే కవరును ఎన్నోసార్లు వాడుకుంటారనీ ఆయన అనుకున్నాడట. ఆయన జేబులో ఎప్పుడూ ఒక కవరు మడత పెట్టుకుని ఉండేవాడని కొడుకు చెప్పుకొచ్చాడు. ఒకసారి వాడి పారేసే అలవాటు మనం చేసుకున్నదే!

మన ప్రభుత్వం కూడా ఊరికే ఇవ్వమనలేదు. ఇవ్వొద్దనే చెప్పింది. 2011లో తెచ్చిన ప్లాస్టిక్ నిబంధనల్లో, దుకాణాలవాళ్లు క్యారీబ్యాగులను ఉచితంగా ఇవ్వకూడదని రాశారు. 2016లో వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. ప్లాస్టిక్ సంచులు ఇవ్వదలచుకున్న దుకాణదారు స్థానిక సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకుని నెలకు కనీసం 4,000 రూపాయలు కట్టాలన్నారు. ఆ నిబంధనను 2018లో తీసేశారు. ఇక కవరు మందం సంగతి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 2011లో కనీసం 40 మైక్రాన్లు ఉండాలన్నారు. 2016లో 50. 2021 సెప్టెంబరు 30 నుంచి 75. 2022 డిసెంబరు 31 నుంచి 120. అంతకంటే పల్చటి ప్లాస్టిక్ సంచి ఇవ్వడం తప్పు. సంచి మీద తయారుచేసినవాళ్ల పేరు, రిజిస్ట్రేషను నంబరు, మందం అచ్చువేసి ఉండాలని 2016 నిబంధనల్లో రాశారు.

ఇప్పుడు మీ వంటింటి తలుపు వెనకాల వేలాడే కవర్ల కవరు తీసి చూడండి. (అది లేని ఇల్లు ఉండదు కదా!) అందులో ఎన్నిటి మీద మందం అచ్చు వేసి ఉంది? ఉల్లిపొర లాంటివే ఎక్కువ. ఊదితే ఎగిరిపోయేవి. అవన్నీ మనకు ఊరికే వచ్చినవే.

గంప దగ్గర లెక్క

ఊరికే వచ్చాయన్నాను గాని, నిజంగా ఊరికే వచ్చాయా?

మా ఊళ్లో రోడ్డు పక్కన గంప పెట్టుకుని కూరగాయలమ్మే ఆడవాళ్ల దగ్గర కూర్చుని చూస్తే తెలుస్తుంది. పొద్దున్నే సరుకుతోపాటు కవర్ల కట్ట ఒకటి కొనుక్కోవాలి. ఒకరు పావుకిలో పచ్చిమిరపకాయలకు ఒక కవరు, టమాటాలకు ఒక కవరు, కొత్తిమీరకు ఇంకొక కవరు అడుగుతారు. "కలిపేస్తే నలిగిపోతాయి, వేరే వేయి" అంటారు. చివర్న "చినిగిపోతుందేమో, ఇంకోటి పైన వేయి" అంటారు. ఇవన్నీ అడిగేముందు ఏం చేశారు? రెండు రూపాయలు తగ్గించమని బేరమాడారు. తీసుకున్నాక ఒక కరివేపాకు రెమ్మ కొసరు లాక్కున్నారు.

ఒక పెద్దామెను అడిగాను, కవర్లు ఇవ్వడం మానేయొచ్చు కదమ్మా అని. "ఎట్ల మానేద్దునక్కా! నేనియ్యకుంటే పక్క గంపకాడికి పోతారు. ఇస్తే నాకు మిగిలేది అందులోనే పోతాది" అంది. అంతే లెక్క. పెద్ద కొట్టువాడు కవరు ఖర్చును కందిపప్పు ధరలోనో, సబ్బు ధరలోనో సర్దుకోగలడు. ఈమె ఏ వంకాయలో సర్దుకుంటుంది? మనం ఊరికే అనుకునే కవరు ఆమె సాయంత్రం ఇంటికి తీసుకెళ్లే డబ్బులోంచి వచ్చింది.

పైగా తనిఖీలు జరిగినప్పుడు ముందు దొరికేదీ ఈ గంపలే. కవర్ల కట్ట లాక్కుపోతారు, జరిమానా అంటారు. ఆ కవరు తయారుచేసిన మిల్లు ఎక్కడుందో, లారీలో ఎవరు తెచ్చారో, హోల్‌సేల్‌గా ఎవరు అమ్మారో ఆమెకేం తెలుసు? అక్కడిదాకా వెళ్లి ఆపితే గంపల దాకా ఈ కవర్లు రానేరావు. అది అడగాల్సింది కూడా మనమే. పంచాయతీలో, మునిసిపాలిటీలో మన ఆడవాళ్లు ఎంతమంది సభ్యులుగా కూర్చోలేదూ?

కవరుకు ధర పెడితే పేదవాళ్లకు భారమని కొందరంటారు. అదీ ఆలోచించాను. పొలం పనికి పోయే ఆడవాళ్లను చూడండి. వాళ్ల చేతిలో సద్దిసంచి ఉంటుంది. పొద్దున అందులో రొట్టె, కారం పోతాయి. సాయంత్రం అదే సంచిలో నాలుగు కూరగాయలు, పావుకిలో బ్యాళ్లు వస్తాయి. ఉత్తచేతులతో వచ్చి కవరడిగేది ఎక్కువగా మోటారుసైకిలు మీద వచ్చినవాళ్లే. ఇంజను ఆపకుండానే "ఒక కవర్లో వేసివ్వు" అంటారు.

సంచి మొయ్యడం ఎవరి పని?

మోటారుసైకిలు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. "సంచి తీసుకెళ్లండి" అని ఎక్కడ రాసినా, ఎవరు చెప్పినా అది ఆడవాళ్లకే చెబుతున్నట్టుంటుంది. పర్యావరణం కాపాడే బాధ్యత కూడా మన నెత్తినే. గుడ్డసంచి కుట్టాలి, ఉతకాలి, ఆరేయాలి, మడత పెట్టాలి, గుర్తు పెట్టుకోవాలి. అన్నీ మనమే. మగవాళ్లేమో సంచి పట్టుకుని నడవడం నామోషీ అనుకుంటారు. ఆఫీసునుంచి వస్తూ పూలు ఒక కవరు, అరటిపళ్లు ఒక కవరు, పెరుగు ఒక కవరు... హ్యాండిలుకు మూడు వైపులా వేలాడదీసుకుని వస్తారు. వాళ్ల నాన్నలు, తాతలు సైకిలు హ్యాండిలుకు గుడ్డసంచి తగిలించుకుని సంతకు పోయినవాళ్లే. వాళ్లకు లేని నామోషీ వీళ్లకెక్కణ్నుంచి వచ్చింది?

ఒక సంచి బండి డిక్కీలో ఎప్పుడూ పడి ఉండాలి. దాన్ని అక్కడ పెట్టే పని ఆయనదే. రోజూ గుర్తు చేసే పని మనం నెత్తిన వేసుకోవద్దు. రెండుసార్లు సొంత డబ్బు పెట్టి సంచి కొంటే మూడోసారి గుర్తుంటుంది. ధర పెట్టడంలో ఉన్న మంచి అదే!

పారేశాక ఎక్కడికి పోతుంది?

మనం పారేసిన కవరు మన కంటికి కనపడదు గాని, దాన్ని ఎత్తేవాళ్లకు కనపడుతుంది. తెల్లారకముందే వీధులూడ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. మనం అన్నం, కూర తొక్కలు కవర్లో మూటగట్టి ముడేసి విసిరేస్తాం. ఆ ముడి విప్పేది వాళ్లు. లేదా ఆవులు.

ఆవులంటే మన రాయలసీమ సంగతే చెప్పాలి. పుట్టపర్తిలో కరుణ సొసైటీ అని జంతువుల సంరక్షణ సంస్థ ఒకటుంది. అక్కడ వీధి ఆవులకు ఆపరేషను చేస్తే కడుపులోంచి కిలోల కొద్దీ ప్లాస్టిక్ కవర్లు బయటపడ్డాయి. ఆ సంస్థ 2012లో సుప్రీంకోర్టుకెక్కింది. ప్లాస్టిక్ చెత్త మీద దేశమంతా మాట్లాడుకోవడానికి ఆ కేసు ఒక కారణమైంది. గోపూజ చేసి, పసుపు కుంకుమలు పెట్టి, అదే ఆవు ముందు ముడేసిన కవరు పారేస్తే ఏం పుణ్యం?

నీళ్ల సంగతీ అంతే. నంద్యాల అంటేనే కుందూ, మద్దిలేరు, చామకాలువ. 2019 సెప్టెంబరు వానలకు మహానంది గుడిలోకే నీళ్లు వచ్చాయి. ఆ వరదకు కవర్లే కారణమని నేననను. వాన వెలిశాక కాలువల్లోంచి ఎత్తి గట్టు మీద పోసిన పూడికలో ఎన్ని కవర్లుంటాయో మాత్రం అందరం చూస్తాం. బంగ్లాదేశ్‌లో 1988, 1998 వరదలప్పుడు నీళ్లు పోయే దారుల్ని కవర్లు మూసేశాయని గ్రహించి, 2002లో పల్చటి కవర్లను నిషేధించారు.

ఆ డబ్బు ఎవరికి పోతోంది?

ధర పెడితే మనుషులు మారతారా అంటే, మారతారు. ఐర్లండులో 2002 మార్చిలో ఒక్కో కవరుకు 15 సెంట్ల పన్ను పెట్టారు. కవర్ల వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. అక్కడ ఆ డబ్బు దుకాణదారుకు మిగలదు. ప్రభుత్వానికి చేరి, పర్యావరణ పనుల నిధిలోకి పోతుంది. అందుకే జనం పెద్దగా గొడవ చేయలేదు. ఇక్కడ మనకు ఒళ్లు మండేది ఎందుకంటే, మనమిచ్చే పది రూపాయలు ఎవరి కాలువా బాగు చేయవు. కొట్టువాడి గల్లాలోకి పోతాయి. నా దృష్టిలో మన ఫిర్యాదు ఇక్కడ ఉండాలి.

పక్కన తమిళనాడును చూడండి. పాతకాలపు పసుపు గుడ్డసంచిని 2021 డిసెంబరులో 'మీండుమ్ మంజప్పై' పేరుతో మళ్లీ ముందుకు తెచ్చారు. 2022లో చెన్నై కోయంబేడు మార్కెట్లో యంత్రం పెట్టారు. పది రూపాయల నాణెం వేస్తే గుడ్డసంచి బయటకు వస్తుంది. అదే పది రూపాయలు. అక్కడ ఎవరూ మోసపోయామనుకోరు. ధర ముందే తెలుసు. చేతికొచ్చేది నెలల తరబడి పనికొచ్చే సంచి. తిరుమలలో కూడా చూస్తున్నాం కదా! ప్లాస్టిక్ కవర్లు పోయి 2021లో మట్టిలో కలిసిపోయే సంచులు వచ్చాయి. లడ్డూలతోపాటు సంచికీ డబ్బులిచ్చి, కళ్లకద్దుకుని తెచ్చుకుంటున్నాం. స్వామి దగ్గర లేని బాధ అంగట్లో ఎందుకు?

ఇలాంటి సంచులు మన ఊళ్లలో ఎందుకు రాకూడదు? కుట్టు మిషను ఉన్న ఇళ్లు ఎన్ని లేవు! పొదుపు సంఘాలు ఏ వీధిలో లేవు! పాత చీరలు, లుంగీలు, కిటికీ తెరలు అన్నీ సంచులవుతాయి. సంఘంవాళ్లు కుట్టి గంపల దగ్గరే పెడితే, మరిచిపోయి వచ్చినవాళ్లు కొనుక్కుంటారు. అందులో కొంత గంప ఆమెకూ ముట్టాలి. తడి సరుకుకు, మాంసానికి, పెరుగుకు స్టీలు డబ్బా ఉండనే ఉంది.

చివరిగా ఒక్క మాట. పెద్ద దుకాణంలో సంచి ధర ముందే రాసిపెట్టమని, దాని మీద వాళ్ల పేరు తీసేయమని, మన సంచిని లోపలికి రానివ్వమని గట్టిగా అడుగుదాం. అది మన హక్కు. రోడ్డు పక్క గంప దగ్గర మాత్రం మన సంచి మనమే పరుద్దాం. మరిచిపోయిన రోజున కవరుకు ఒక రూపాయి చేతిలో పెడదాం. "వద్దులే అక్కా" అంటుంది ఆమె. అయినా పెట్టండి.